ముగిశాక లేచిన మమ్మీ

మా తమ్ముడికి నోట్లో నాలుక లేదు. ఈ సంగతి ముందే తెలిసి కాబోలు, దేవుడు నన్ను వాడికంటే నాలుగేళ్ళు ముందు భూమ్మీదికి పంపి, వాడి వాటా మాటలు కూడా నా నోట్లోనే పెట్టాడు. నేను ఆసుపత్రిలో ముప్పై ఒక్క సంవత్సరాలు కట్లు కట్టి రిటైరయ్యాను. విరిగిన కాళ్ళు, కాలిన చేతులు, పగిలిన తలలు, ఏది వచ్చినా చుట్టి పంపడమే నా ఉద్యోగం. వాడు మిల్లు కార్మికుల సంఘం హాల్లో ముప్పై ఏళ్ళుగా సినిమా ఆపరేటరు. హాలు వెనక గోడకు పదిహేడు ఇనుప మెట్లు, మెట్ల పైన ఒక గది, గదిలో రెండు ప్రొజెక్టర్లు, హాల్లోకి చూడ్డానికి ఒక చిన్న అద్దాల కిటికీ. వాడి లోకం అంతే. సినిమా ఎలా ఉందని ఇన్నేళ్ళలో ఒక్కర్నీ అడిగి ఎరగడు. జనమంతా వెళ్ళిపోయాకే మెట్లు దిగేవాడు.

అలాంటివాడి నెత్తిమీద అభిప్రాయాల కార్డులు వచ్చిపడ్డాయి.

సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ మొహం మానేసి చేతి గడియారం చూస్తాడు. అందుకని అందరం ఆయన్ని గడియారం గారు అంటాం. ఆయన వచ్చిన నెలకే తమ్ముణ్ణి పిలిచి, సంఘం పాత ఫైళ్ళు పెట్టుకోవడానికి ప్రొజెక్టర్ గది కావాలన్నాడు. నెలకొక ఆదివారం పొద్దున పది గంటలకు వేసే పాత సినిమాను ఎవడు చూస్తున్నాడని అడిగాడు. మెషిన్లు పాత ఇనుములోకి, తమ్ముడు సైకిల్ స్టాండులోకి. టోకెన్లు ఇవ్వడం కష్టమైన పనేం కాదని ధైర్యం కూడా చెప్పాడట.

వాడు ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. వాడి భార్య, మా మరదలు, సంగతి కూపీ లాగి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, ఈయన ఆ మెషిన్లు లేకపోతే మంచం పడతాడు. నువ్వన్నా ఏదో ఒకటి చెయ్యి."

నేను మర్నాడే గడియారం గారి గదిలో కూర్చున్నాను. లేవమన్నా లేవలేదు. కట్టు విప్పించుకోనని మొండికేసిన రౌడీలను దారికి తెచ్చినదాన్ని, ఈయనెంత? ముప్పావుగంట తర్వాత ఆయన ఒక మెట్టు దిగాడు.

"సరేనమ్మా. ఒక్క ఆట ఇస్తాను. చూసినవాళ్ళందరికీ తలొక కార్డు ఇవ్వండి. అందులో రెండు ప్రశ్నలు. సినిమా మీద మీ అభిప్రాయం ఏంటి? వచ్చే నెల మళ్ళీ వస్తారా? వస్తామని ఎనభై కార్డులు వస్తే మెషిన్లు ఉంటాయి. డెబ్భై తొమ్మిది వస్తే నేనేం చెయ్యలేను."

"ఎందుకు రాయిస్తున్నామో జనానికి చెప్పొచ్చా?"

"చెప్పకూడదు. చెబితే జాలిపడి రాస్తారు. మీరు పెట్టెలో కార్డులు వేయించండి చాలు. మీరూ, మీ ఇంటివాళ్ళూ మాత్రం రాయకూడదు."

ఇది న్యాయమే. న్యాయమైనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది, తిట్టడానికి సందు ఉండదు గనుక.

ఏ సినిమా వెయ్యాలని తమ్ముణ్ణి అడిగితే క్షణం ఆలోచించలేదు. సంఘం బీరువాలో ఎప్పటినుంచో ఒక బ్రిటిష్ మమ్మీ సినిమా ఉంది, ఆరు రీళ్ళు. పైకి చూస్తే తుప్పు పట్టిన రేకు డబ్బాలు. వాడికి మాత్రం అది ప్రాణం. పదిహేను రోజులు కూర్చుని తెగిన చోటల్లా అతికాడు, గీతలు పడిన చోటల్లా తుడిచాడు. రీళ్ళ మొదట్లో నంబర్లుండే ముక్కలు ఏనాడో అరిగి ఊడిపోయాయి. అందుకని చుట్టిన రీలు మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి నంబరు రాసుకున్నాడు. ఆ ప్లాస్టర్ కూడా నేను ఆసుపత్రి నుంచి తెచ్చిపెట్టిందే.

శనివారం మధ్యాహ్నం వాడు భోజనానికి వెళ్తే, నేను సాయం చేద్దామని గదిలోకి వెళ్ళి డబ్బాలు తెరిచి తడిగుడ్డతో దుమ్ము తుడిచాను. చివరి రెండు రీళ్ళ మీది ప్లాస్టర్ ముక్కలు గుడ్డకు అంటుకుని ఊడొచ్చాయి. ఒకటి అయిదు, ఒకటి ఆరు. ఏది దేనిదో నాకు సందేహమే రాలేదు. బల్ల మీద ఒక రీలు లావుగా ఉంది, ఒకటి సన్నగా ఉంది. ఆసుపత్రిలో మొదటిరోజు నేర్పేదే అది. నిండు బ్యాండేజీ చుట్ట ముందు వాడాలి, సగం చుట్ట ఆఖరి రెండు చుట్లకు దాచుకోవాలి. లావుదానికి అయిదు, సన్నదానికి ఆరు అంటించి, డబ్బాలు మూసి, చేతులు దులుపుకున్నాను. ఇంత చిన్న విషయం వాడికి చెప్పాలని కూడా తోచలేదు.

ఆదివారం పది కొట్టేసరికి హాల్లో నూట పద్దెనిమిది మంది లెక్క తేలారు. నా బంధుబలగాన్ని రానివ్వలేదు గానీ, నా చేత కట్టు కట్టించుకున్న ప్రతి మనిషికీ ఫోన్ చేశాను. మిల్లు వడ్రంగి వచ్చాడు, ఒకప్పుడు వాడి బొటనవేలు నేనే కాపాడాను. పక్కవీధి టైలరమ్మ వచ్చింది. సిటీ బస్సు డ్రైవరు డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ ముందు వరసలో, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గడియారం గారు తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు, చూసేది తెరను కాదని వేరే చెప్పక్కర్లేదు.

పైన తమ్ముడి ధ్యాసంతా ఆ ఎనభై కార్డుల మీదే. మామూలు రోజైతే రీలు చేతిలోకి తీసుకోగానే బరువును బట్టి అది ఎన్నోదో చెప్పేవాడు. ఆ రోజు నంబరు చూసుకోవడం, మెషిన్‌కి ఎక్కించడం, అంతే.

సినిమా మొదలైంది. ముగ్గురు దొరలు ఎడారిలో ఇసుక తవ్వుతారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కాదు, వీళ్ళు ఏకంగా రాజుగారి సమాధి కాపలావాణ్ణే తవ్వి తీశారు. నిలువెల్లా కట్లతో, పెట్టెలో పడుకుని. వాడి చేతిలో చిన్న రాతి దీపం. ఆ దీపం ఒకడు జేబులో వేసుకుంటాడు. ఇక చూసుకోండి. మమ్మీని ఓడలో తమ ఊరికి తెచ్చి మ్యూజియంలో పెడితే, వాడు అద్దాల పెట్టె పగలగొట్టుకుని దీపం కోసం బయల్దేరతాడు. ఊరంతా పొగమంచు. వాడు ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంటాడు. ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా ఇబ్బంది లేదు, అరుపుకు భాషెందుకు?

కట్లు మాత్రం దారుణంగా కట్టారు. మోకాలి దగ్గర ఎనిమిది ఆకారంలో తిప్పాల్సింది పోయి గుండ్రంగా చుట్టేశారు. అలా కడితే పది అడుగులు వెయ్యగానే మడమలోకి జారిపోతుంది. చీకట్లో పళ్ళు నూరుకున్నాను. అయినా రెండో దొర గొంతు పట్టుకున్నప్పుడు నేనూ కెవ్వుమన్నాను, అది వేరే సంగతి.

నాలుగో రీలు అయిపోయింది. ఇంట్లో ఉన్న మూడో దొర కూతురి దగ్గర దీపం ఉందని మనకు తెలుసు. రీలు మారింది. ఉన్నట్టుండి ఆ పిల్ల గడ్డకట్టిన చెరువు మీద, దీపం పట్టుకుని పరిగెడుతోంది. ఇల్లు ఏమైంది, ఇక్కడికెప్పుడొచ్చింది అని ఎవరూ అడగలేదు. మమ్మీ వెనకాల వస్తున్నాడు. కాళ్ళ కింద మంచు పటపటమంటోంది. పిల్ల ఆగి, దీపం మంచు మీద పెట్టి, వెనక్కి వెనక్కి జరిగింది. వాడు వంగి దీపం అందుకున్నాడు. మంచు పగిలింది. వాడూ, దీపమూ నల్లటి నీళ్ళలోకి దిగిపోయారు. నీళ్ళ మీద ఒక కట్టు తేలి, అదీ మునిగింది. సంగీతం లేచింది. తెర మీద పెద్ద అక్షరాలతో "ది ఎండ్" అని పడింది.

జనం నిట్టూర్చి లేచారు. చెప్పులు వెతుక్కుంటున్నారు. టైలరమ్మ కొంగు సర్దుకుంది. నేను మాత్రం పైన అద్దాల కిటికీ వైపు తిరిగాను. అయిదో రీల్లో ఎండ్ ఏమిటి? ఇంకో రీలు ఉంది కదా?

ఆపరేటర్ల లోకంలో ఒక శాసనం ఉంది. ఏం జరిగినా తెర తెల్లబడకూడదు. ముప్పై ఏళ్ళ అలవాటు. చెరువు కనపడ్డప్పుడే తప్పు తెలిసి వాడి బుర్ర మొద్దుబారినా చెయ్యి మొద్దుబారలేదు, రెండో మెషిన్ మీట లాగేసింది.

తెర మీద ఇల్లు. పొయ్యి ముందు కుర్చీలో ఆ పిల్ల. పక్కన బల్ల మీద, ఇందాక చెరువులో మునిగిన దీపం.

హాల్లో లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. ఎవరో "అయ్యబాబోయ్, దీపం" అన్నారు. అంతే, కిటికీ అద్దం భళ్ళున పగిలి మమ్మీ లోపలికొచ్చాడు. ఒంటి మీద తడి చుక్క లేదు!

ఆ కేక నేను చచ్చేదాకా మర్చిపోను. నూట పద్దెనిమిది గొంతులు ఒకేసారి. టైలరమ్మ పక్కనున్న వడ్రంగి జబ్బ పట్టుకుంది, వడ్రంగి పక్కనున్న డ్రైవరు జబ్బ పట్టుకున్నాడు. లేచినవాళ్ళంతా ఎవరి కుర్చీ దొరికితే దాంట్లో కూలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ నోటుపుస్తకం ఎగిరి ఎక్కడో పడింది. గడియారం గారు లేచి నిలబడి తెర చూస్తున్నాడు, తెరనే! మమ్మీ ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే హాలంతా లెక్కపెట్టింది. పిల్ల దీపం లాక్కుని వెనక తలుపు తెరిచి, గడప మీద ఆగి, వెనక్కి తిరిగి మన వైపే చూసింది. అక్కడ రీలు అయిపోయింది. హాల్లో లైట్లు వెలిగాయి.

తర్వాత చప్పట్లు చూడాలి, పైకప్పు ఎగిరిపోతుందేమో అనుకున్నాను.

"చచ్చినవాడు మళ్ళీ వస్తాడు, మళ్ళీ వస్తాడు, అంతే, వాడికి అంతులేదు!" డ్రైవరు కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు.

"ది ఎండ్ వేసి మరీ మోసం చేశాడు చూడు, సినిమా తీసిన దొర! ఏం బుర్ర!" అని వడ్రంగి.

నేను కార్డుల పెట్టె పట్టుకుని వరసల మధ్య పరిగెత్తాను. జనం పెన్నులు లాక్కుని మరీ రాశారు. మడిచి వెయ్యకుండా నాకు చదివి వినిపించి మరీ వేశారు. "నాలుగు వేల ఏళ్ళు ఆగాల్సిన పెట్టెకి ఆ అతుకులేంటి? మమ్మీ లేచాడంటే తప్పు మూత చేసినోడిది. మళ్ళీ వస్తాను," అది వడ్రంగి. "గౌను చేతులు బాగా కుట్టారు. మునిగినోడు రాగానే నా ప్రాణం పోయి మళ్ళీ వచ్చింది. నేనూ మళ్ళీ వస్తాను," అది టైలరమ్మ. ఒక ముసలావిడ, "వచ్చే నెల మా చెల్లెల్ని తీసుకొస్తా, దాని గుండె గట్టిది" అని రాయించుకుంది. హెడ్మిస్ట్రెస్‌కు కార్డు చాలలేదు. రెండోవైపు కూడా నింపి, ఇంకో కార్డు అడిగింది. ముగింపు అనేది మనిషి భ్రమ అనీ, ఆ సంగతి దర్శకుడు ఒక్క దెబ్బతో చెప్పాడనీ, ఇలాంటి సాహసం తాను ఎక్కడా చూడలేదనీ.

గడియారం గారే స్వయంగా లెక్కపెట్టాడు. మళ్ళీ వస్తామన్నవి నూట ఒకటి.

నూట ఒకటి! నాకు అక్కడికక్కడే గంతెయ్యాలనిపించింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ. ఎనభై అడిగితే నూట ఒకటి ఇచ్చారు. నా తమ్ముడి మెషిన్లు నిలబడ్డాయి. ఏదో రీలు అటు ఇటు అయితే అయింది, సినిమా తీసిన దొరకు లేని బాధ మనకెందుకు? నేను పైకెళ్ళి వాడి వీపు చరుద్దామని తిరిగాను.

వాడే కిందికొస్తున్నాడు. పదిహేడు మెట్లు, జనం ఉండగా, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. మొహం పాలిపోయి ఉంది. ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైపోయింది. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఒరేయ్, నోరు మూసుకో. నూట ఒకటి వచ్చాయి. గెలిచాం. పైకి పో."

"అక్కా, వాళ్ళు రాసింది ఆ సినిమా గురించి కాదు."

"ఎవడిక్కావాలి?"

"నాకు కావాలి."

పుట్టిన దగ్గర్నుంచి వాడు నా మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. నా చెయ్యి దానంతటదే వదిలేసింది. వాడు వెళ్ళి తెర ముందు నిలబడ్డాడు.

"అందరికీ... ఒక్క మాట. నేను ఆపరేటర్ని. మీరు చూసింది తప్పు. ఆరో రీలు ముందు పడింది, అయిదోది తర్వాత పడింది. మునిగిపోవడమే చివర. మునిగాక మళ్ళీ రాడు. సినిమా తీసినాయన అలా తియ్యలేదు. పొరపాటు నాది."

హాలు గతుక్కుమంది. నాకు ఒకవైపు వాణ్ణి చంపెయ్యాలన్నంత కోపం. ఇంకోవైపు, వాడు ఆ తప్పు తన నెత్తిన వేసుకోవడం చూడలేని బాధ. ఆ రీళ్ళ మీద నంబర్లు వాడే అంటించాడు, ఊడినవి తిరిగి అంటించింది ఎవరో నాకు తెలుసు.

"పొరపాటు వాడిది కాదు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నాది. తుడుస్తుంటే నంబర్లు ఊడిపోతే నేను అంటించాను. లావు చుట్ట ముందు, సన్న చుట్ట వెనక. కట్టు కట్టేవాళ్ళకి అదే లెక్క. సినిమాకి వేరే లెక్క ఉంటుందని నాకేం తెలుసు? వాణ్ణి అడగలేదు. అడగాల్సింది."

ముందు ఒకళ్ళు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. "మమ్మీకి కట్టు కట్టమంటే రీలుకి కట్టావా అమ్మా!" అన్నాడు డ్రైవరు. నేను నవ్వలేదు. నేను చూస్తున్నది గడియారం గారి చేతిలోని కట్టను. ఆయన నూట ఒక్క కార్డులకూ రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టేశాడు.

"అయితే ఈ అభిప్రాయాలు చెల్లవు," అన్నాడు. కసిగా అనలేదు. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు, అది ఇంకా మండించింది. హెడ్మిస్ట్రెస్ ఎర్రబడిన మొహంతో ముందుకొచ్చి, "నావి రెండూ ముందు ఇటివ్వండి" అని తీసుకుని, చించి, పర్సులో వేసుకుంది.

తమ్ముడు ఆయన వైపు తిరిగాడు. "ముప్పై నిమిషాలు ఇప్పించండి సార్. ఆ రెండు రీళ్ళు సరిగ్గా వేస్తాను. చూసి, అప్పుడు రాయమనండి. ఏం రాసినా సరే."

ఆయన గడియారం చూసుకున్నాడు. పన్నెండు కావస్తోంది. "ఉండేవాళ్ళు ఉంటే వెయ్యి."

తలుపులు తెరిచే ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. బతిమాలడానికి వీల్లేదు, ఎందుకో చెప్పడానికి వీల్లేదు. జనం బిలబిలమంటూ లేస్తున్నారు. ఒకరికి వంట, ఒకరికి పెళ్ళిచూపులు, ఒకరికి నిద్ర. మేం మోసపోయామని గొణిగినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళేవాళ్ళు వెళ్ళాక లెక్కపెట్టాను. అరవై ఆరు. ఈ అరవై ఆరుగురూ వస్తామన్నా చాలదు.

హాల్లో లైట్లు ఆరిపోయాయి. అసలైన అయిదో రీలు. పిల్ల పొయ్యి ముందు కూర్చుంది. అందరికీ కిటికీ పగులుతుందని తెలుసు. తెలిస్తే భయం ఉండదనుకున్నాను. నా అంచనా తప్పయింది. పగలబోయే కిటికీనే చూస్తూ కూర్చోవడం ఇంకా ఘోరం! టైలరమ్మ అప్పుడే చెవులు మూసుకుంది. అద్దం భళ్ళుమనగానే అరవై ఆరు గొంతులు లేచాయి, ఆ కేక తెరిచిన తలుపుల్లోంచి వీధిలోకి పోయింది.

సైకిళ్ళు తీసుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. ఒకడు స్టాండ్ వేసి తలుపులోంచి తొంగిచూశాడు. వాడి వెనక ఇద్దరు. మెట్లు లెక్కపెట్టడం వినిపించేసరికి ఇంకో అయిదుగురు. వంట ఉందన్నావిడ సంచితో సహా తిరిగొచ్చింది. గడియారం గారు తలుపు దగ్గర నిలబడి, "నిలబడకండి, కూర్చోండి, వెనకవాళ్ళకి కనపడొద్దా" అని కసురుతూ ఒక్కొక్కర్నీ లోపలికి తోస్తున్నాడు. ఆయన కళ్ళు మాత్రం తెర మీదే.

పిల్ల తలుపు తెరిచి, మన వైపు చూసి, పరిగెత్తింది. రీలు మారింది. చెరువు. ఇందాక అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది, ఆ పిల్ల ఎందుకు వణుకుతోందో, దీపం ఎందుకు కింద పెట్టిందో. దీపం దొరకగానే మమ్మీ దాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఇందాక అరుపుల్లో అది ఎవరమూ చూడలేదు. మంచు పగిలినప్పుడు ఈసారి ఎవరూ కేక వెయ్యలేదు. వాడు మునిగిపోతుంటే ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. హెడ్మిస్ట్రెస్సే. ది ఎండ్ పడింది. ఇంకేదో వస్తుందేమోనని ఒక్కడూ లేవలేదు. లైట్లు వెలిగాక గానీ చప్పట్లు మొదలవలేదు.

కార్డులు మళ్ళీ పంచాను. ఈసారి రాస్తూ పోట్లాడుకున్నారు. వడ్రంగి మొదటిదే గొప్పదంటాడు, టైలరమ్మ రెండోదే అంటుంది. చచ్చినవాడు చావాలి, అప్పుడే ఏడుపొస్తుందని ఆవిడ. ఏడవడానికి సినిమా దాకా రావాలా, ఇంట్లో కుదరదా అని అతను. డ్రైవరు మాత్రం ఒక మూల కూర్చుని, తల ఎత్తకుండా చాలాసేపు రాసి, మడిచి పెట్టెలో వేసి వెళ్ళిపోయాడు.

పెట్టె పట్టుకుని పైకెళ్దామని చూస్తే, గడియారం గారు నా ముందే మెట్లెక్కుతున్నాడు. ఆ గదిని ఫైళ్ళకు అడిగిన మనిషి, ఆ గది ఎలా ఉంటుందో చూడ్డం అదే మొదలు. లోపల వేడిగా ఉంది. తమ్ముడు రీలు వెనక్కి చుడుతున్నాడు, మా వైపు తిరగలేదు. ఆయన బల్ల మీద కార్డులు పోసి రెండు కుప్పలు చెయ్యడం మొదలుపెట్టాడు. నేను ఒక్కోటీ చదివాను.

"మొదటిసారి చూసిందే బాగుంది. అయినా వస్తాను." వస్తానన్న కుప్పలోకి.

"మోసం. రాను." రానన్న కుప్పలోకి.

"మమ్మీ చావడం నచ్చలేదు. వాడి దీపం వాడికి ఇవ్వక దొరలకెందుకు? వస్తాను."

"కట్లు బాగా కట్టారు." ఇది ఎవడు రాశాడో గానీ ఆసుపత్రి ముఖం చూసినవాడు కాదు.

రీలు చుడుతున్న చప్పుడు ఆగింది. తమ్ముడు చుట్టడం ఆపి వింటున్నాడు. "తిట్టినవి దాచకు అక్కా, అవి కూడా చదువు," అన్నాడు. చదివాను. ప్రతి తిట్టుకూ తల ఊపాడు. కుప్ప పెరుగుతోంది. అరవై. డెబ్భై. డెబ్భై ఆరు దగ్గర వరసగా మూడు రానన్నవి తగిలాయి. డెబ్భై తొమ్మిది. ఎనభై, అది హెడ్మిస్ట్రెస్‌ది. ఈసారి ఒకే ఒక్క వాక్యం, "ముగింపు ఉండాలి, వస్తాను" అని. నేను కేక పెట్టాను. గడియారం గారు ఉలిక్కిపడి బల్ల పట్టుకున్నాడు. తమ్ముడు కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఇంకోటి ఉంది," అన్నాడాయన, పెట్టె అడుగున ఇరుక్కున్న మడిచిన కార్డు తీస్తూ.

అది డ్రైవరుది. నేను మొదటి వాక్యం చదివానో లేదో, తమ్ముడు నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకున్నాడు, పైకే, తడుముకుంటూ.

"సినిమా పర్వాలేదు. నేనొకసారి బస్సు తప్పు దారిలో తిప్పాను. సందులన్నీ చుట్టి మళ్ళీ దారిలో పెట్టాను. ఒకావిడ దిగాల్సిన చోటు దాటిపోయింది. ఆవిడ తనే నిద్రపోయాననుకుని, నాకు సారీ చెప్పి దిగి నడిచి వెళ్ళింది. నేను నోరు విప్పలేదు. పదేళ్ళైంది. ఇవాళ ఆపరేటరు మెట్లు దిగి వచ్చి చెప్పాడు. ఈయన ఏ సినిమా వేసినా వస్తాను."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వాడు ఆ కార్డును మళ్ళీ చదివాడు, ఈసారి లోపల్లోపలే. ముప్పై ఏళ్ళు ఆ అద్దాల కిటికీ వెనక నిలబడి వాడు విన్నవి అరుపులు, ఈలలు, చప్పట్లు. మాట వినడం ఇదే మొదటిసారి.

"సార్," అన్నాడు. "ఇది నేను ఉంచుకుంటే లెక్క తప్పుతుందా?"

గడియారం గారు కుప్ప వైపు చూశాడు. ఎనభై ఒకటి. తర్వాత, మొదటిసారి, మా తమ్ముడి మొహంలోకి చూశాడు.

"ఉంచుకో. ఎనభై చాలు."